పరాయి చెయ్యి

బోస్టన్‌లో కొండమీది వీధుల్లో పెద్దమనుషులకి కొదవ లేదు. వాళ్ళలో లైమన్ క్రోవెల్ ఒకడు. ఆయన చేసిన ఘనకార్యమల్లా ఎనోక్ థెయర్ కూతుర్ని పెళ్ళాడడం. స్వీడన్ రాజుల చరిత్రని నాలుగు సంపుటాలుగా రాసిన థెయర్ పోయిన ఏడాదికి, ఆయన ఉత్తరాలన్నీ పుస్తకంగా వెయ్యాలని అల్లుడికి బుద్ధి పుట్టింది. సొంతంగా నాలుగు వాక్యాలు రాయలేనివాడికి సంపాదకుడు అనిపించుకోవడం కంటే సుఖం ఏముంటుంది?

చాకిరీ మాత్రం కెజయా హాస్కెల్‌ది. మార్బుల్‌హెడ్ రేవులో తెరచాపలు కుట్టేవాడి కూతురు. పెళ్ళి చేసుకోలేదు, యాభై దాటింది. థెయర్‌కి పదకొండేళ్ళు చదివిపెట్టింది, రాసిపెట్టింది. ఆయన కళ్ళు పోతున్న సంగతి ఎవరికీ తెలియకూడదు. తోటి పండితులు జాలిపడితే ఆ అహంకారం తట్టుకోదు. అందుకని ఒక చలికాలమంతా కూర్చోబెట్టి తన దస్తూరీ ఆమెకి నేర్పాడు, సంతకంతో సహా. ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాడు. మెచ్చుకోలు మాట మాత్రం ఒక్కనాడూ అన్న పాపాన పోలేదు.

థెయర్ ఉత్తరాలున్నవాళ్ళు పంపితే నకలు తీసుకుని తిరిగి ఇస్తామని క్రోవెల్ పత్రికల్లో ప్రకటించాడు. కట్టలు కట్టలుగా వచ్చాయి. కెజయా తన రాతకి తనే, తన మామూలు దస్తూరీలో, నకళ్ళు రాస్తూ కూర్చుంది. ఇచ్చిన మాట ప్రకారం నోరు విప్పలేదు.

థెయర్ అక్క పంపిన కట్టలో ఒక కాగితం వేరుగా కనిపించింది. వరసలు ఒకదానిమీద ఒకటి ఎక్కేశాయి. ఆఖరి నెలల్లో ముసలాయన కళ్ళు కనపడకుండానే తన చేత్తో గీసుకున్నది. ‘అక్కా, మిస్ హాస్కెల్ లేకపోతే నా పుస్తకాలు లేవు. ఈ మాట ఆమెకి చెప్పడానికి నాకు నోరు రాలేదు.’

కెజయా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ చదివింది. ఈ రెండు ముక్కలూ అచ్చులో ఉంటే చాలనుకుంది. ఆ ఇంట్లో ఆమె నోరు తెరిచి అడిగినది అదొక్కటే.

క్రోవెల్ ఆ కాగితాన్ని కొసవేళ్ళతో పట్టుకున్నాడు.

“ఇది మామగారి రాతే కాదు, మిస్ హాస్కెల్. ఆయన దస్తూరీ నాకు తెలీదా?”

“ఆయన రాసిందేనండి. ఆ రెండు ముక్కలూ ఉంచండి చాలు.”

“ఇది చరిత్రకారుడి పుస్తకం. ఇందులో గుమాస్తాల ఊసెందుకు?”

కాగితం పొయ్యిలో పడేసి, అల్లం కేకు తుంచుకుని టీలో ముంచుకున్నాడు. తాను ఇచ్చిన మాట కూడా ఆ మంటలోనే పోయిందనుకుంది కెజయా.

తరువాతి వారం క్రోవెల్ ఒక ఉత్తరాన్ని ఏరి తెచ్చాడు. పుస్తకం మొదట్లో దాన్ని ఆ చేతిరాతతోనే ఉన్నదున్నట్టు అచ్చువేసి, కింద ‘స్వహస్తంతో’ అని పెట్టించాలట. అందులో థెయర్ మాటలివి: ‘నేను ఏనాడూ పరాయి చేత్తో ఒక్క అక్షరం రాయించలేదు.’ ఆనాడు ఆ మాట చెప్పి రాయిస్తున్నప్పుడు థెయర్‌కి సిగ్గు లేదు, రాస్తున్నప్పుడు కెజయాకి నవ్వూ రాలేదు.

“చూశారా ఆ గీతల్లో మగతనం! మనిషి గుణమంతా రాతలోనే తెలుస్తుంది,” అన్నాడు క్రోవెల్.

“అవునండి, మంచి దస్తూరీ,” అంది కెజయా.

వసంతకాలానికి పుస్తకం వచ్చింది. పత్రికలవాళ్ళు ఆ చేతిరాతలోని ధీరత్వాన్ని కూడా పొగిడారు. కొండమీద ప్రతి ఇంటి ముందుగదిలోనూ ఒక ప్రతి చేరింది. క్రోవెల్ దయతలచి కెజయాకీ ఒకటి పంపాడు. అందినట్టు జవాబు రాయడం మర్యాద కాబట్టి ఆమె రాసింది.

ఫలహారం బల్ల దగ్గర క్రోవెల్ ఆ కవరు అందుకున్నాడు. మీద ఉన్నది చచ్చిపోయిన మామగారి దస్తూరీ. చింపి చదివాడు. పుస్తకం తెరిచి పక్కన పెట్టుకున్నాడు. ఒక్క గీత తేడా లేదు.

‘అయ్యా, పుస్తకం అందింది. మొదటి పేజీ మరీ బాగుంది. ఇట్లు, గుమాస్తా కెజయా హాస్కెల్.’