అరచేతికి వినిపించాలని

డోళ్ల మేస్త్రి ఏ తోలునైనా ముందు బొటనవేలితో నొక్కి, తర్వాత చెంపకు ఆనించి చూస్తాడు. అది పలుకుతుందో లేదో చెంపే చెబుతుందని తండ్రి నేర్పాడు. పనిలో పడితే నాలుక కొస పంటికింద పెట్టుకుంటాడు, ఎవరు పిలిచినా పలకడు. ఈ రెండు నెలలుగా మాత్రం బేరాలన్నీ గాలికొదిలేసి, పాత ఫోన్లలోంచి స్పీకర్లు పీకి తోలు అడుగున అతికిస్తూ కూర్చుంటున్నాడు. పదకొండేళ్ల కూతురికి జ్వరం వచ్చి చెవులు పూర్తిగా పోయాయి. ఏ మిషనూ పనిచెయ్యదని డాక్టరు తేల్చేశాడు.

"చెవికి కాకపోతే చేతికి వినిపిస్తాను," అన్నాడు భార్యతో.

"దానికి లేనిపోని ఆశలు పెట్టకయ్యా," అని ఆవిడ కళ్లొత్తుకుంది.

ఆరు తోళ్లు చిరిగాయి. నిన్న సాయంత్రం ఏడోదాన్ని ఉల్లిపొరలా గీకి బిగించి, ఫోనుకు తీగ కలిపాడు. పిల్ల అరచెయ్యి దానిమీద పెట్టించి, వెనక్కి వెళ్లి ఫోన్లో "చిట్టితల్లీ" అన్నాడు. పిల్ల తల అడ్డంగా ఊపింది. తాళ్లు కాస్త వదులుచేసి మళ్లీ అన్నాడు. లాభం లేదు. ఇంకాస్త వదులుచేసి, ఈసారి గట్టిగా అరిచాడు. పిల్ల ఉలిక్కిపడింది.

"నాన్నా, ఏదో అంటున్నావు. ఏమంటున్నావో మాత్రం తెలియట్లేదు."

మేస్త్రి గోడకానుకుని కూలబడిపోయాడు. అయినా ఫోను నోటి దగ్గర్నించి తియ్యలేదు. గొంతు బొంగురుపోయేదాకా ఆ ఒక్క మాటే అంటూ పోయాడు. పిల్ల కూడా తోలుమీంచి చెయ్యి తియ్యలేదు.