మా బాపు పట్టింది గంటె

మా పెద్దబాపు విద్యాధర్‌రావు మీద నాకున్న కోపం రాస్తే పుస్తకం చాలదు. మా బాపు గురించి ఊళ్లో ఇప్పుడు రెండు కథలు తిరుగుతున్నాయి. అందులో ఒకటి పచ్చి అబద్ధం, దాన్ని పుట్టించింది ఆయనే. అందుకే ఇది రాస్తున్నాను.

మా బాపు పేరు ప్రేమ్‌సాగర్‌రావు. పెద్దబాపుకు సొంత తమ్ముడు. ఊరు పెద్దపల్లికి ఆరు కిలోమీటర్లు. ఇరవై రెండేళ్లు మిలిటరీలో పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాడు. చేసిన పని వంట. మిలిటరీ వంటశాలను లంగర్ అంటారు, అందులో రోజుకు నూటయాభై మందికి వండేవాడు. పూరీలు, ఆలుగడ్డ కూర మూటగట్టి వీపుకేసుకుని కొండ మీది పోస్టులకు మోసుకెళ్లేవాడు. ఒక చలికాలం లద్దాఖ్ మంచులో అలా నడిచి నడిచి ఎడమకాలి వేళ్లు రెండు పోగొట్టుకున్నాడు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందో మీరే చెప్పండి.

పెద్దబాపుకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. దొరల ఇంట్లో పుట్టినవాడు గంటె పట్టడమా? "మా తమ్ముడు బార్డర్ల తుపాకి పట్టుకొని నిలవడ్డడు" అని ఊరంతా చెప్పుకున్నాడు. పోయిన వేళ్లకు కూడా శత్రువు తూటాను అంటగట్టాడు. నన్ను కన్న అవ్వ మనోరమ పుట్టింటివాళ్లకూ అదే చెప్పి సంబంధం కుదిర్చాడు. పెళ్లయిన మర్నాడే బాపు అవ్వకు ఉన్నమాట చెప్పేశాడు.

"నేను వంటోన్ని. మా అన్న మీకు అబద్ధం చెప్పిండు."

"మంచిగైంది. నాకు వంట రాదు" అందట అవ్వ.

సెలవు మీద వచ్చినన్ని రోజులూ అవ్వను పొయ్యి దగ్గరికి రానిచ్చేవాడు కాదు. రిటైరయ్యాక వంటిల్లు పూర్తిగా ఆయనదే. నా కాన్పుకు మిరియాలు, వెల్లుల్లి దంచి, వేడి అన్నంలో నెయ్యి పోసి కలిపి పెట్టింది కూడా బాపే. మొగోడు బాలింతకు వండుడేందని చుట్టాలు మూతులు తిప్పారు. "నూటయాభై మందికి వండినోన్ని, ఒక్క బిడ్డకు వండనా?" అని నవ్వేశాడు.

ఆరేళ్ల కింద పెద్దమ్మ చనిపోయింది. వాళ్లకు పిల్లల్లేరు. ఆ మర్నాటి నుంచే పెద్దబాపుకు పగటి భోజనం మా ఇంటి నుంచి వెళ్లేది. వండేది బాపు, క్యారియర్ తీసుకెళ్లేదీ ఆయనే. కానీ పెద్దబాపు ఒక షరతు పెట్టాడు. క్యారియర్ గుడ్డసంచిలో దాచుకుని పెరటి దారిన రావాలి. తమ్ముడు వండి తెస్తున్నాడని తెలిస్తే ఊరు నవ్వుతుందట! నేను కొట్లాటకు దిగితే, "అన్న ఆకలికి తట్టుకోడు బిడ్డా" అని బాపు నా నోరు మూయించాడు. ఆ మెతకతనం మీద కూడా నాకు కోపమే.

మొన్న మాఘమాసంలో బాపు గుండె ఆగి పోయాడు. నెల తిరగకముందే పెద్దబాపు బడి దగ్గర సంతాపసభ పెట్టించాడు. గేటు పక్కన పాతడానికి ఒక నల్లరాయి కూడా చెక్కించాడు. "తుపాకి చేతబట్టి శత్రువులను కూల్చిన వీరుడు" అని ఉంది దాని మీద. చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై రెండేళ్లు చేసిన పని గురించి ఒక్క అక్షరం కూడా లేదు. రేపు నా కొడుకు ఆ రాయి చదువుకుని, తాత అంటే అదే అనుకుంటాడు.

"మార్పించుండ్రి పెద్దబాపూ" అని బతిమాలాను.

"సచ్చినోనికి మర్యాద చేస్తుంటే అడ్డమొస్తవా?" అని కసిరాడు.

సభ రోజు రాయికి గుడ్డ కప్పారు. పెద్దబాపు మైకు పట్టుకుని, తమ్ముడు నలుగురు శత్రువులను ఎట్లా కాల్చాడో చెబుతున్నాడు. ఆడవాళ్ల వరసలోంచి అవ్వ లేచి నిలబడింది. మా ఇళ్లల్లో తమ్ముడి భార్య బావగారితో నేరుగా మాట్లాడదు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో ఇంకొకరితో, నేను పెరిగాక నాతో, చెప్పించేది. నలభై ఏళ్లుగా అదే పద్ధతి, ఆ రోజు కూడా తప్పలేదు. కాకపోతే సభంతా వినేట్టు అంది.

"ఆమనీ, మీ పెద్దబాపును అడుగు. ఆరేండ్ల సంది పగటి బువ్వ ఎవరు వండి పెట్టిండ్రో అడుగు."

నేను వెళ్లి ఆయన చేతిలోని మైకు గుంజుకుని ఆ మాటే అడిగాను.

"తమ్ముడు వంటోడని చెప్పుడు సిగ్గయితే, గా వంటోని బువ్వ తినేటప్పుడు గా సిగ్గు ఏడికి పోయిందో అడుగు" అంది అవ్వ మళ్లీ.

అదీ అడిగాను. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దబాపు కుర్చీ పక్కకు నెట్టి, చెప్పులు కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు. రాయి మీది గుడ్డ ఎవరూ తీయలేదు.

బాపు పోయినప్పటి నుంచి అవ్వ దగ్గరే ఉండి క్యారియర్ నేనే పంపుతూ వచ్చాను. ఆ రోజుతో మానేశాను. పంపమని అవ్వ కూడా అనలేదు. రెండు రోజులు ఆయన పెద్దపల్లి హోటల్ నుంచి తెప్పించుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం వీధి వైపు నుంచే వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. నేను కంచం పెట్టాను. అన్నం పెట్టలేదు.

"రాయి సంగతేంది?"

"మార్పిస్త."

"ఏమని?"

వీధిలో ఇద్దరు మనుషులు వస్తున్నారు. వాళ్లు దాటిపోయాక చెబుదామని చూశాడు. నేను ఆగనివ్వలేదు.

"ఏమని రాపిస్తరు పెద్దబాపూ?"

"వంటోడు" అన్నాడు కంచంలోకి చూస్తూ. "మా తమ్ముడు మిలిటరీల వంట చేసిండని."

తలుపు చాటున అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను అన్నం వడ్డించాను, పప్పు పోశాను. ముసలాయన ఆబగా తిన్నాడు. ఈ ఒక్క మాట బాపు బతికుండగా, ఆయన వింటుండగా అని ఉంటే ఏం పోయేది? మారు అన్నం వడ్డించాను గానీ, నా కోపం మాత్రం తీరలేదు.