గడ్డం తాత ఇంట్ల వంట ఎవరు చేసిండ్రు?

మా ఇంట్ల హాలు గోడ మీద పోయిన పెద్దల ఫోటోలు వరుసగ ఉండేటియి. మా తాత, ముత్తాత, వాళ్ల పక్కన ఒక గడ్డపాయన. మీసం లేదు, గడ్డం మటుకు ఛాతి దాక. మెడ దాక గుండీలు పెట్టిన నల్లకోటు. తాతలకు ఉన్నట్టే ఆయన అద్దం మీద గూడ కుంకుమ బొట్టు. చిన్నప్పుడు నేను ఆయన మా తాతనే అనుకున్న. బళ్లె గూడ గట్లనే చెప్పిన. "మీ తాత కోటేసుకొని వరంగల్ ఎండల ఎట్ల బతికిండే?" అని దోస్తులు నవ్విండ్రు. ఇంటికొచ్చి అడిగితే తెలిసింది, ఆయన అమెరికాయన అని.

మా బాపుకు వరంగల్ చౌరస్తా దగ్గర బట్టల దుకాణం ఉండె. పెండ్లికి ముందు ఏదో పాత పుస్తకాల బండి మీద ఈయన జీవిత చరిత్ర దొరికిందట. అమెరికల మనుషులను సంతల పసులను అమ్మినట్టు అమ్ముకునే కాలంల, అది పాపమని కొట్లాడిన మనిషి ఆయన. ఆయనదీ బట్టల దుకాణమే. బానిసలతోని తెంపించిన పత్తితో నేసిన బట్ట నేను అమ్మనని ఒట్టు పెట్టుకున్నడట. గిరాకి సగం పోయిందట. అయినా మాట తప్పలే. పైగా మాలికుల దగ్గర నుంచి పారిపోయి వచ్చినోళ్లను ఇంట్ల దాచి, అన్నం పెట్టి, సరిహద్దు దాటించేటోడు. "బట్టలు కొలిచేటోడు గూడ గింత పని చేయొచ్చా!" అని బాపుకు ఆశ్చర్యం. పెండ్లి అయినంక పుస్తకంలున్న బొమ్మ కోసి ఫ్రేము కట్టించిండు.

బొట్టు పెట్టింది మా బాపమ్మ. మా ఇండ్లల్ల ఫ్రేముల ఉండేది దేవుడన్న గావాలె, పోయినోళ్లన్న గావాలె. ఆమె ఊరికెళ్లి వచ్చి, గోడ మీద కొత్త పెద్దమనిషిని చూసి, కోడలి దిక్కోళ్లు ఎవరో అనుకొని బొట్టు పెట్టేసింది. బాపు కూసోబెట్టి అమెరిక సంగతంతా చెప్పిండు. బాపమ్మ అంతా విని, "ఇంతకు ఆయన పోయిండా, ఉన్నడా?" అన్నది. "ఎప్పుడో పోయిండమ్మా." "మరింకేంది? పోయినోనికి బొట్టు పెడితే నీ సొమ్మేం పోయింది?" అప్పటిసంది పెత్రామాస నాడు పెద్దలకు విస్తర్లు వేసినప్పుడు ఆయనకూ ఒకటి పడేది. "ఆ దేశంల ఆయనకు గారెలు ఎవరు పెడుతరు పాపం" అనేది బాపమ్మ.

మా దిక్కు ఊర్లల్ల అప్పుడు జీతగాళ్లు ఉండేటోళ్లు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు, కొడుకు తర్వాత మనుమడు, దొరింట్ల పొద్దుమాపు చాకిరి. అట్ల ఉండలేక పారిపోయి వచ్చినోళ్లను బాపు మా మేడ మీదికి తోలుకొచ్చేటోడు. వాళ్లను వెంటబెట్టుకొని ఆఫీసుల చుట్టు తిరిగి, విడుదల కాయిదాలు చేతిల పెట్టిచ్చేటోడు. బాపుకు మంచి పేరొచ్చింది. శాలువలతోని ఒక పెట్టె నిండింది.

అమ్మకు మాత్రం పొయ్యి కాడ పొగ. "నీకేం, నువ్వు తోలుకొస్తవు! ఉడకబెట్టేది ఎవరు?" అని లేచేది. అమ్మ గొంతు గల్లీ చివర దాక వినవడేది. "అంతా ఆ గడ్డపాయన చేసిండు. నా కొంపకు శని పట్టిండు" అని గోడ దిక్కు చూసి తిట్టేది. తిట్టుకుంటనే బియ్యం మళ్ల కొలిచేది.

ఒక్కటి మాత్రం అమ్మ ఎన్నడూ చేయనియ్యలే. తిన్నోళ్లు తమ పళ్లెం తాము కడుగుతమని లేస్తే ఒప్పుకునేది కాదు. ఏటూరునాగారం దిక్కు నుంచి ఒకామె వచ్చింది, చంకల పిల్ల. తినంగనే పళ్లెం పట్టుకొని నల్లా కాడికి ఉరికింది. అమ్మ ఎదురు పోయి గుంజుకున్నది. "ఇన్నేండ్లు ఇంకొకళ్ల పళ్లాలు కడిగినవు గద, ఈ ఒక్క ఇంట్లనన్న కూసోరాదు" అన్నది. ఆమె నిలబడి ఏడ్సింది. అమ్మా ఏడ్సింది. తర్వాత ఆమెను కూసోబెట్టి తలకు నూనె పెట్టి చిక్కు తీసింది. ఆ పని అయినంక, ఉప్పు అయిపోయిందని బాపు మీద మళ్ల లేచింది.

దుకాణం కట్టేసి వచ్చినంక బాపు ఆ పుస్తకం తీసి మాకు తెలుగుల చెప్పేటోడు. అమ్మ చాటల బియ్యం ఏరుకుంట వినేది. ఒకనాడు అడిగింది:

"ఆయనకు పిల్లలెంతమంది?"

"ఏడుగురు."

"పారిపోయి వచ్చినోళ్లు ఒక్కో పూట పదిమంది అంటివి. అందరికి వంట ఎవరు చేసిండ్రు?"

బాపు పేజీలు తిప్పిండు. "అది రాయలే."

"పెండ్లాం పేరన్న రాసిండ్రా?"

"రాసిండ్రు. పెండ్లి అయిన కాడ."

"అంటే పెండ్లి అయినంక మాయమైంది అన్నట్టు" అని అమ్మ చాట ఎత్తి గట్టిగ చెరిగింది. బాపు నవ్విండు. అమ్మ నవ్వలే.

పోయిన ఎండకాలం బాపు పోయిండు. సంతాపసభ పెట్టిండ్రు. వచ్చినోళ్లు ఒకరి తర్వాత ఒకరు బాపు గురించి మాట్లాడిండ్రు, అన్నీ నిజాలే. అమ్మ ముందు వరుసల కుర్చీల కూసున్నది. ఆమె గురించి ఒక్కటే మాట వచ్చింది: "వారి సతీమణి గారు కూడా విచ్చేసినారు." అంతే. ఆ మాట అన్నాయన మా మేడ మీద నెల దినాలు అమ్మ చేతి అన్నం తిన్నడు. నాకు ఒళ్లు మండింది.

పెత్రామాసకు ముందు ఇంటికి సున్నం వేయించినం. ఫోటోలన్ని మళ్ల గోడకెక్కిస్తున్న. బాపుది కొత్తది, పెద్దది. దాని పక్కకు గడ్డం తాతను పెట్టబోతే, "ఆయనను పెట్టకు" అన్నది అమ్మ.

ఆ ఫోటో అంటే బాపుకు పానం. "బాపు పోయిన యాడాదే ఆయనను గూడ ఎల్లగొడుతవా?" అని గట్టిగనే అన్న. అమ్మ వంటింట్లకు పోయింది. నేను ఆ ఫ్రేమును ఒళ్లె పెట్టుకొని మంచం మీద కూసున్న. బాపు రెండోసారి పోయినట్టు అనిపిచ్చింది.

తెల్లారి చాయ్ ఇచ్చుకుంట అమ్మనే మాట కలిపింది. "నీ ఫోన్ల లోకమంతా దొర్కుతదంటవు గద. ఆయన పెండ్లాం దొర్కుతదేమో చూడు."

"ఎందుకు?"

"చూడరాదే."

చానాసేపు వెతికితే, వాళ్ల ఊరి పాత ఫోటోలల్ల దొరికింది. ముసలామె. గదవ కింద ముడేసిన తెల్లటోపి, కండ్లద్దాలు, ఒళ్లె రెండు చేతులు. అమ్మ ఫోను తీసుకొని, రెండు వేళ్లతో పెద్దగ చేసి చూసింది. ముఖం కాదు, చేతులు. "కణుపులు చూడు, ఎట్ల ఉబ్బినయో. ఈమెనే వండింది" అన్నది. కింద పేరుంటే చదివిచ్చుకున్నది. నోరు తిరగక మళ్ల చదివిచ్చుకున్నది.

"ఎవరు ముందు పోయిండ్రు?"

"ఆయన. ఈమె తర్వాత చానేండ్లు బతికింది."

"ఊఁ" అన్నది అమ్మ. "ఆయనను ఒక్కన్నే పెట్టద్దు బిడ్డా. ఇద్దరిని పెట్టు" అన్నది.

అప్పుడు అర్థమైంది నాకు. హన్మకొండల ఫోటో స్టూడియోకు ఉరికిన. "ఎవరు మేడం ఈమె?" అన్నడు స్టూడియో ఆయన. "మా గడ్డం తాత భార్య" అన్న. "మీ పోలికలే ఉన్నయి మేడం" అన్నడు! నాకు నవ్వాగలే.

పెత్రామాస నాడు అమ్మ తన చేతితోనే ఆమెకు బొట్టు పెట్టింది. బాపు పోయినా అమ్మ బొట్టు తీయలే. తీయనని బతికున్నప్పుడే బాపు మాట తీసుకున్నడు. "ఆయన పోయినంక ఈమెను బొట్టు పెట్టుకోనిచ్చిండ్రో లేదో" అన్నది అమ్మ. వాళ్లల్ల బొట్టే ఉండదని చెప్పబోయి ఊకున్న. విస్తర్లు వేసి, గారెలు ముందుగాల ఆమెకే వడ్డించింది, బాపు కంటె ముందు. "జన్మంతా అందరు తిన్నంక తిన్నదై ఉంటది" అన్నది.

తర్వాత కొంచెం ఎనుకకు జరిగి గోడ చూసింది. తెల్లటోపి ఆమె పక్కన జాగ ఖాళీగ ఉన్నది.

"ఆడ ఇంకో మొల కొట్టు."

"ఎవరికి?"

"నాకే."

"పండుగపూట ఏం మాటలమ్మా అవి!" అని కోపానికొచ్చిన. "అయినా నీ జాగ బాపు పక్కకు గద."

"మీ బాపు పక్కకు యాభై ఏండ్లు ఉన్న. నన్ను ఈమె పక్కకు పెట్టుండ్రి. మేం మాట్లాడుకునేటియి చానా ఉన్నయి."

నేను ఏడ్సుకుంట సుత్తె పట్టుకున్న. అమ్మ దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వన్న సక్కగ కొట్టు" అన్నది. "మీ బాపుకు మొల కొట్టుడు గూడ రాకపోయేది."