పక్కోళ్లకంటే ఒక మంచం ఎక్కువ

కొండాపూర్ వెంకటనారాయణగారికి కుళ్లు. దీన్ని ఇంకాస్త మర్యాదగా చెప్పే మాట ఉంటే ఆయన భార్య చంద్రమ్మ ఎప్పుడో వాడి ఉండేది. ఆయనకు బీపీ లేదు, షుగరు లేదు, చుట్ట అలవాటు కూడా లేదు. ఉన్నదల్లా కుళ్లే. పంతొమ్మిది వందల డెబ్భైల్లో ఎమ్మెల్యే అయ్యాక అది ఆయన ఒక్కడిదే కాకుండా నియోజకవర్గం మొత్తానిదీ అయింది.

అసెంబ్లీలో ఏ చర్చ మీద లేచినా ఆయనది ఒకటే ప్రశ్న: "మరి మాకేది?" ఒక ఏడు కోస్తాలో గాలివాన వచ్చిపోతే సర్కారు అక్కడ బియ్యం పంచింది. వెంకటనారాయణగారు లేచారు.

"మీ వైపు గాలివాన రాలేదు కదండీ," అన్నాడు మంత్రి.

"గదే నేనడిగేది. అన్నీ వాళ్లకేనా? మాకొక చిన్న గాలివాన గూడ రావొద్దా?"

సభ నవ్వుతుంటే ఆయన కండువా సర్దుకుని, ఏదో సాధించినట్టు కూర్చున్నారు.

పోనీ కొత్తదనం కోరే మనిషా అంటే, అదీ కాదు. తాతల నాటిదేదీ కదపకూడదంటారు. చెరువుల్లో పూడిక తియ్యాలి, నాటు ఎడ్లను కాపాడాలి, వారపు అంగడి పాత చోటనే సాగాలి, ఇవీ ఆయన సభలో పట్టుబట్టే పనులు. రైతులకు ట్రాక్టర్లిస్తామంటే "ట్రాక్టరు పేడ పెడతదా?" అని అడ్డం పడ్డారు. వారం తిరక్కుండానే పక్క నియోజకవర్గం ఎమ్మెల్యే చలపతిరావు ఊళ్లోకి ఎర్ర ట్రాక్టరు దిగిందని తెలిసింది. ఆ పూట కంచంలో చెయ్యి కదల్లేదు.

"ఏమైందయ్యా, కూర మంచిగ లేదా?" అని అడిగింది చంద్రమ్మ.

"చలపతి దగ్గర ట్రాక్టరు ఉందంట."

"అది పేడ పెట్టదంటివి గద."

"పెట్టకపోతే పెట్టకపాయె. మరి మాకేది?"

ఈ కిటుకు జనం త్వరలోనే పట్టేశారు. నిజాంపేటవాళ్లు కరెంటు కావాలని అడగనే లేదు. "చలపతిరావు ఊళ్లె గుడిసెల గూడ కరెంటు బుగ్గ వెలుగుతుందంట పటేలా," అని దారిన పోతూ పోతూ అనేసి వెళ్లారు. ఆ ఎండాకాలం దాటకముందే స్తంభాలు దిగాయి. మియాపూర్‌కు బస్సు కూడా అట్లాగే వచ్చింది.

చంద్రమ్మ ఇవన్నీ చూసి కడుపుబ్బ నవ్వేది. కానీ ఆమెకూ ఒక కుళ్లుంది, అది నవ్వొచ్చేది కాదు. చలపతిరావు భార్య రాజరాజేశ్వరి ఏ పెళ్లికొచ్చినా చంకలో మనవడితో వచ్చేది. వాడు పట్నం దవాఖానలో పుట్టాడు, బొద్దుగా ఉన్నాడు. చంద్రమ్మ కూతురు భూలక్ష్మి తొలికాన్పు కొండాపూర్ ఇంట్లోనే, మంత్రసాని చేతిలో అడ్డం తిరిగింది. ఎడ్లబండి రాళ్ల బాటలో పడి పట్నం చేరేసరికి పసిగుడ్డు దక్కలేదు. రాజరాజేశ్వరి మనవడి బుగ్గకు చుక్క దిద్దుతుంటే చంద్రమ్మకు ఒళ్లు మండిపోయేది. ఆమెకుంది, నాకెందుకు లేదు అనుకునేది. అనుకున్నందుకు సిగ్గుపడేది, మళ్లీ అదే అనుకునేది.

ఇప్పుడు భూలక్ష్మికి మళ్లీ నెల తప్పింది. ఈసారైనా ఊళ్లో ఒక కాన్పుల దవాఖాన, ఒక లేడీ డాక్టరు ఉండాలి. కానీ మొగుడితో ఎట్లా చెప్పడం? కూతురి పెళ్లికి ముందు అసెంబ్లీలో మంత్రసానుల గొప్పతనం మీద ఆయన చేసిన ప్రసంగం ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. ఈ మధ్య దాని ఊసెత్తడం లేదు గాని, ఆ మనిషి మారతాడన్న నమ్మకం ఆమెకు లేదు. అందుకే అందరి దారే పట్టింది.

"చలపతిరావు ఊళ్లె కాన్పుల దవాఖాన వచ్చిందంట," అంది జొన్నరొట్టె వడ్డిస్తూ. "నాలుగు మంచాలంట."

నమలడం ఆగింది. "నాలుగా?"

"దూది పరుపులు గూడనంట."

ఆయన రొట్టె సగంలో వదిలేసి, కండువా భుజాన వేసుకుని బస్సెక్కారు. సాయంత్రం తిరిగొచ్చి అన్నం కూడా అడక్కుండా పడుకున్నారు. అబద్ధం బయటపడిందేమోనని చంద్రమ్మ పరేషాన్.

పొద్దున్నే ఆయన పోచయ్య పటేల్ని పిలిపించారు. బాట పక్కన దవాఖానకు పనికొచ్చే జాగ అంతా పోచయ్యదే. ఆడవాళ్లకు పరాయివాళ్లు పురుడు పొయ్యడమేమిటని ఊళ్లో అందరికంటే గట్టిగా అరిచేదీ పోచయ్యే.

"నువ్వు జాగ ఇయ్యకు పోచయ్యా," అన్నారు వెంకటనారాయణగారు నిట్టూర్చి. "చలపతి వాళ్లకు నాలుగు మంచాలు వచ్చినయ్. వాళ్లు గొప్పోళ్లు. మనకెందుకు?"

పోచయ్య మీసం లేచింది. "ఎవరు గొప్పోళ్లు? జాగ నేనిస్త. ఐదు మంచాలు తే!"

ఇక అసెంబ్లీలో పెద్ద శ్రమ పడలేదు. ఆయన లేవబోతుండగానే మంత్రి చెయ్యెత్తి, "మీరు కూర్చుంటానంటే ఇప్పుడే మంజూరు చేస్తానండీ," అన్నాడు.

గోడలు లేచాయి, పెంకులు పడ్డాయి. తలుపులు బిగించే రోజుల్లో చలపతిరావు జీపు వాకిట్లో ఆగింది. మనిషి చెమటతో ముద్దయి ఉన్నాడు.

"అన్నా, నా ఊళ్లె నాలుగు మంచాల దవాఖాన ఉన్నదని ఎవరు చెప్పిండ్రే? జనం నా ఇంటి మీదికొస్తుండ్రు! మా మంచాలేడ దాచినవ్, నువ్వే పండుకుంటున్నవా అని లోపలికొచ్చి ఎతుకుతుండ్రు!"

తలుపు వెనక మజ్జిగ గ్లాసులతో నిలబడ్డ చంద్రమ్మ గడప దాటలేదు. అంతా అయిపోయింది, ఐదు మంచాలూ పోయినట్టే అనుకుంది.

"ఎవరో ఏంది? నేనే చెప్పిన," అన్నారు వెంకటనారాయణగారు.

"లేదని నీకెరుకే గద! ఆనాడు బస్సు దిగి మా ఊరంత తిరిగిపోతివి."

"ఎరుకే. ఏడాది సంది పోచయ్య ఇంటి చుట్టు తిరిగిన. మా భూలక్ష్మి కడుపుకోత చెప్తే, తలరాత అన్నడు. నీకు వచ్చిందని చెప్పిన, ఒక్క పూటల జాగ ఇచ్చిండు." ఆయన గొంతు కాస్త తగ్గింది. "మంచి చెప్తే కదలరు తమ్మీ మనోళ్లు. కుళ్లు పుడితే ఉరుకుతరు. నన్ను చూసి నవ్వితే నవ్వనీ."

తర్వాత తలుపు వైపు తిరిగి గొంతు పెంచారు. "మజ్జిగ తెస్తవా, ఆడ ఇంకో దవాఖాన కడుతున్నవా?"

చంద్రమ్మ తల వంచుకుని మజ్జిగ తెచ్చింది. ఏడాది పొడుగునా ఈయన పోచయ్య గడప తొక్కుతుంటే తనకు తెలియనే లేదు. ఈ మనిషిని తానే ఆడిస్తున్నానని మురిసిపోయింది కూడా. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"మరి నా గతేంది?" అన్నాడు చలపతిరావు.

"రేపు ఇద్దరం మంత్రి దగ్గరికి పోదాం. నాకు ఇచ్చిండు గద, నీకెందుకియ్యడు? నీ తరఫున నేనడుగుత, ఫికర్ చెయ్యకు."

భూలక్ష్మికి ఆ ఐదింటిలో ఒక మంచం మీద ఆడపిల్ల పుట్టింది, నిక్షేపంగా. చూడ్డానికి రాజరాజేశ్వరి వచ్చింది. "ఎంత జుట్టమ్మా! మావోనికి ఏడాది దాక బోడగుండే," అని పిల్లనే చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్లకు ఒకరు తమ బిడ్డను అట్లా చూస్తుంటే చంద్రమ్మకు గర్వంగా ఉంది. ఈసారి సిగ్గుపడలేదు.

రాజరాజేశ్వరి అటు వెళ్లిందో లేదో, వెంకటనారాయణగారు ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. "దిష్టి తియ్యాలె! కుళ్లు చూపు నాకు తెల్వదా?"

"వార్డులో పొగ పెట్టకూడదండీ బాబూ," అని నర్సు పుణ్యవతి అడ్డం వచ్చింది. దాంతో పిల్ల చుట్టూ తిప్పి, వాటిని పెరట్లో వేడినీళ్ల పొయ్యిలో వేశారు. దిష్టి తగిలి ఉంటే మిరపకాయల ఘాటు రాకూడదు. కానీ పొగ గుప్పుమని లేచింది. నర్సు దగ్గింది, చంద్రమ్మ దగ్గింది, ఆయనా కళ్లు తుడుచుకుంటూ దగ్గారు.

"చూసినవా, రాజరాజేశ్వరి మనసుల ఏం లేదు," అంది చంద్రమ్మ నవ్వుతూ.

ఆయన మొహం చిన్నబోయింది. "ఏం లేదా? నా మనవరాలిని చూసి గూడ కుళ్లలేదా?" అని, ఇంకో గుప్పెడు మిరపకాయలు పొయ్యిలో వేసి చూశారు.