మస్కట్ నంబర్ బండి

మస్కట్‌లో మా కారు నా పేరు మీదే ఉండేది. మా ఆయనకు డ్రైవింగ్ రాదు. నేర్చుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు కూడా. నేను ఒక ఆసుపత్రిలో అకౌంట్స్ చూసేదాన్ని, ఆయన స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. పొద్దున ఆయన్ని స్కూల్ దగ్గర దింపి నేను ఆఫీసుకి పోయేదాన్ని. పెళ్ళయినప్పటి నుంచి మా బతుకంతా అలాగే సాగింది. నేను నడిపితే పక్కన కూర్చుని మాట్లాడేవాడు.

ఆ కారును ఓడెక్కించి ఇండియా తీసుకుపోవాలన్నది ఆయన కోరికే. "ఎంతసేపూ సెలవులకి పోయి ఆటోలెక్కుడేనా? మన రోడ్ల మీద మన బండిల తిరగాలె," అనేవాడు. స్కూల్ ఉద్యోగం మానేశాక మళ్ళీ అదే మాట. సరేనని నేను పొడుగు సెలవు పెట్టాను.

పరాయి దేశానికి పోయే బండికీ పాస్‌పోర్ట్ లాంటి పుస్తకం ఒకటి ఉంటుంది. అక్కడి మోటారు క్లబ్బు ఇస్తుంది. వచ్చినప్పుడు రేవులో ఒక ముద్ర, తిరిగి పోయేటప్పుడు ఇంకో ముద్ర. మధ్యలో ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో బండిని అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, నేను తప్ప ఇంకెవరూ నడపకూడదు. గడువు పెంచుకోవాలంటే సరైన కారణం చూపించి కస్టమ్స్ వాళ్ళను అడగాలి. పుస్తకం చేతికొచ్చిన రోజు ఆయన మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి, "నాకంటే దీనికే ఎక్కువ రూల్సున్నయి," అన్నాడు.

ముంబయిలో బండి దించుకుని సికింద్రాబాద్ వచ్చాం. ఏ.ఎస్. రావు నగర్‌లో మా మరిది ఇంట్లో దిగాం. ఇక్కడి ఇన్సూరెన్స్ తీసుకోవడానికే వారం పట్టింది. మా నంబరులో అరబ్బీ అక్షరాలున్నాయి. "మేడమ్, కంప్యూటర్ తీసుకుంటలేదు," అని ఒక ఆఫీసులో తిప్పి పంపారు. ఇంకో ఆఫీసులో ఒకావిడ కాసేపు ఆలోచించి, ఛాసిస్ నంబరు కొట్టి పాలసీ తీసి ఇచ్చింది. మస్కట్‌లో సొంత కార్లకు పసుపు ప్లేటు ఉంటుంది. ఇక్కడ పసుపు ప్లేటంటే టాక్సీ. సిగ్నల్ దగ్గర ఆగితే జనం వచ్చి, "ఉప్పల్ వస్తరా?" అని అద్దం కొట్టేవాళ్ళు. ఆయనకు అదంటే మహా సరదా. "వస్తం, ఎక్కుండ్రి," అనేవాడు. నేను బండి కదిలించేసేదాన్ని.

స్టీరింగు ఎడమవైపు. ఇక్కడి రోడ్ల మీద లారీని దాటాలంటే నాకు ఎదురేమొస్తుందో కనపడదు. కుడివైపు కూర్చున్న ఆయనకే కనపడుతుంది. శ్రీశైలం ఘాట్ రోడ్డంతా ఆయన చెప్పడం, నేను నడపడం. "ఆగు, బస్సు వస్తున్నది. ఆగు. ఆఁ, ఇగ పో." ఆ మాట వినగానే యాక్సిలరేటర్ నొక్కేదాన్ని. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు నాకు.

శ్రీశైలం నుంచి వచ్చిన నాలుగైదు రోజులకు ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. పసిరికలనుకున్నాం. ఎవరో పసరు పోస్తారంటే అక్కడికీ తీసుకుపోయాను. తగ్గలేదు. సికింద్రాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో స్కానింగ్ తీసి, డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. క్లోమంలో గడ్డ. ముదిరింది. ఆయన స్కాన్ కవరు తీసుకుని లేచాడు. కారు దగ్గరికి వచ్చాక, "బండి గడువు ఎప్పటిదాక ఉన్నది?" అని అడిగాడు. చెప్పాను. "సాలదేమో," అన్నాడు.

అప్పటి నుంచి నాలో ఏదో ఆగిపోయింది. బాధ అని చెప్పలేను. చెయ్యి మీద తల పెట్టుకుని నిద్రపోయి లేస్తే ఆ చెయ్యి మనది కానట్టుంటుంది చూడండి, ఒళ్ళంతా అలా ఉండేది. ఆయన్ని ఆసుపత్రిలో చేర్చుకున్నారు. రోజూ మల్కాజ్‌గిరి మీదుగా అక్కడికి పోయేదాన్ని. పార్కింగ్ చీటీ ఇచ్చేవాడు కుడి పక్కన నిలబడతాడు. ఇదివరకైతే ఆయన చెయ్యి చాపి తీసుకునేవాడు. ఇప్పుడు నేను బండి ఆపి, దిగి, చుట్టూ తిరిగి పోయి తీసుకునేదాన్ని. వెనక బండ్లవాళ్ళు హారన్ కొట్టేవాళ్ళు. ఆ మోత నా వెనకాలే ఉన్నా, ఎక్కడో దూరాన వినపడ్డట్టుండేది.

ఒకరోజు మెట్టుగూడ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపాడు.

"ఏందమ్మా ఈ నంబరు? దుబాయ్ బండా?"

"మస్కట్‌ది."

"గిట్ల నడపొచ్చా ఇక్కడ?"

పుస్తకం, ఇన్సూరెన్స్, ఇంటర్నేషనల్ పర్మిట్, అన్నీ ఇచ్చాను. ఒక్కొక్కటే తిప్పి చూశాడు. తర్వాత ఫోన్ తీసి నంబర్ ప్లేటు ఫోటో తీసుకున్నాడు. "మా పిల్లలకు చూపిస్త," అన్నాడు. సీటు మీద స్కాన్ కవరు, పాల ఫ్లాస్కు చూసి గొంతు తగ్గించాడు. "దవాఖానకా? పోండ్రి, పోండ్రి." ముందున్న ఆటోలను జరిపించి నాకు దారి ఇప్పించాడు.

గడువు దగ్గరపడింది. డాక్టరు దగ్గర ఉత్తరం రాయించుకుని కస్టమ్స్ ఆఫీసుకి పోయాను. ఆ పొద్దున ఆయన కాస్త తేటగానే ఉన్నాడు. మరిది పక్కన ఉన్నాడు. "పోయిరా, మళ్ల ఆలస్యమైతే బండి పట్టుకుపోతరు," అన్నాడు ఆయన. ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. ఆ సంగతి నాకప్పుడు తెలియదు.

ఆఫీసులో ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పంపారు. ఆఫీసరు పెద్దమనిషి. ఉత్తరం రెండుసార్లు చదివి, "ట్రీట్‌మెంట్ ఎన్నాళ్ళు పడుతుందమ్మా?" అన్నాడు. "తెలియదండి," అన్నాను. మూడు నెలలు పెంచుతూ సంతకం చేశాడు. లోపల ఫోన్ సైలెంటులో పెట్టమన్నారు. బయటికొచ్చి చూస్తే మరిది కాల్స్ వరసగా ఉన్నాయి. తిరిగి చేస్తే వాడు ఏడుస్తున్నాడు. "వదినా, నువ్వు మెల్లగ రా. తొందరేం లేదు," అన్నాడు.

మెల్లగానే వచ్చాను. సిగ్నళ్ళ దగ్గర ఆగాను. ఇండికేటర్ వేశాను. పార్కింగ్ దగ్గర దిగి, చుట్టూ తిరిగి చీటీ తీసుకున్నాను.

కర్మలన్నీ అయ్యాక ఒక సాయంత్రం మరిది బండి సంగతి ఎత్తాడు. "ఎందుకు పరేషాన్ వదినా? షెడ్డుల పెట్టి కప్పేద్దం. అన్న యాదికి ఉంటది. ఎవడడుగుతడు?" వాడి మనసు నాకు తెలుసు. బండిలో ఇంకా వాళ్ళన్న కూర్చున్న సీటుంది. కానీ నేను కాదన్నాను. నిజాయితీ కోసమని చెప్పుకోను. ఆ రోజుల్లో ఎవరేమడిగినా నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ ఉద్యోగంలో చేరతావా, ఇక్కడే ఉంటావా, ఎట్లా బతుకుతావు? బండి ఏం చేయాలన్న దానికి మాత్రం జవాబుంది. దానికో గడువుంది, రేవుంది, ముద్ర ఉంది. చేయగలిగింది అదొక్కటే కనపడింది.

ఒక్కదాన్నే ముంబయి పోతానంటే మా ఆడబిడ్డ ఒప్పుకోలేదు. ఆమె ఆయనకు అక్క. పద్మారావు నగర్‌లో ఒక్కతే ఉంటుంది. హిందీ టీచరుగా చేసి రిటైరయింది. నాకు ఆమెతో పెద్దగా చనువు లేదు. "టోల్ దగ్గర ప్రతిసారీ దిగి చుట్టూ తిరుగుతవా? పక్కన నేను కూసుంట," అంది. పులిహోర కట్టుకుని, మోకాళ్ళ నొప్పి మాత్రలు పెట్టుకుని వచ్చి, ఆయన కూర్చునే సీట్లో కూర్చుంది.

షోలాపూర్ దాకా, ఆ తర్వాత పుణె దాకా పెద్ద రోడ్డే. మధ్యలో డివైడరుంది. ఎదురుగా ఏం వస్తుందో ఎవరూ చూసి చెప్పాల్సిన పని లేదు. టోల్ గేటు వచ్చినప్పుడల్లా ఆడబిడ్డ చెయ్యి చాపి, హిందీలో టీచరమ్మలాగే గట్టిగా మాట్లాడేది. షోలాపూర్ దాటాక ఉన్నట్టుండి, "వాడు చిన్నప్పుడు బస్సుల డ్రైవర్ ఎన్క సీట్లనే కూసుంటనని లొల్లి చేసేటోడు," అంది. నేను ఊఁ అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. నాకు రోడ్డు మీది తెల్ల గీతలు తప్ప ఇంకేమీ కనపడలేదు.

రేవు దగ్గర రెండు రోజులు పట్టింది. బండిని కంటెయినరులోకి నేనే ఎక్కించాలన్నారు. లోపల చీకటి, ఇరుకు. కారు తలుపు సగమే తెరుచుకుంటే అందులోంచి నన్ను నేను లాక్కుని బయటపడ్డాను. వాళ్ళు చక్రాలకు తాళ్ళు కట్టి, తలుపులు మూసి సీలు వేశారు. కస్టమ్స్ అతను పుస్తకంలో రెండో ముద్ర కొట్టి ఇచ్చాడు. తడి ఆరేదాకా పేజీ తెరిచే పట్టుకున్నాను.

రైల్లో తిరిగొచ్చాం. పొద్దున సికింద్రాబాద్ స్టేషన్ బయట ఆటో అతను, "ఎక్కడికమ్మా?" అని నన్నే అడిగాడు. ఆడబిడ్డే, "పద్మారావు నగర్," అని, నా చెయ్యి పట్టుకుని ఎక్కించింది.

ఇంటికి పోయాక పప్పు, బీరకాయ కూర వండింది. పని అయిపోయింది కాబట్టి ఇప్పుడైనా ఏడుస్తానేమోనని ఆమె నా మొహమే చూస్తూ ఉంది. నాకు ఏడుపు రాలేదు. ఆమె అన్నం పెట్టింది. తిన్నాను. మారు వడ్డిస్తే అదీ తిన్నాను. తర్వాత ఆమె మంచం మీదే పడుకుని సాయంత్రం దాకా నిద్రపోయాను.