గోడ మీదుగా నేర్పిన ఇంగ్లీషు

మా అమ్మాయికి ఇంగ్లీషు టీచరు ఉద్యోగం వచ్చిందండీ! దివిసీమలో, అవనిగడ్డకి అవతల హైస్కూల్లో. నేను హార్బరు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే లిస్టులో పేరు చూసి కేక పెట్టింది. నేను ఈ వయసులో మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను, వీధంతటికీ, ముఖ్యంగా పక్కింటి మేష్టారికి వినపడేలా అరిచి చెబుదామని. పిట్టగోడ మీదుగా చూస్తే వాళ్ల వాకిట్లో కుర్చీలు వేస్తున్నారు. మేష్టారు ఆ తెల్లవారుజామునే పోయారట. పక్కపక్క ఇళ్లే అయినా మాకు ఏడుపు వినపడలేదు. ఏడవడానికి ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఇంత సంతోషంలో ఉన్నవాడు ఎవరినీ తిట్టకూడదు. కానీ సంతాప సభలో ఒక్కొక్కరే లేచి ఆయన్ని శాంతమూర్తి అంటుంటే, వెనక బెంచీలో కూర్చున్న నాకు ఒళ్లు మండింది. శాంతమూర్తి ఏంటండీ! అంత పెడసరం మనిషి బందరులో ఇంకొకరు లేరు. ఆరేళ్లు ఆయనతో నేను మాట్లాడలేదు. శత్రువు గురించి తెలిసినంతగా ఆయన గురించి తెలిసినవాణ్ణి, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే సర్దుకోండి.

గుడివాడలో ఇంగ్లీషు చెప్పి, రిటైరై, మా పక్కిల్లు కొనుక్కుని వచ్చారాయన. మాది చేపల ఇల్లు. మేడ మీద తాళ్లు కట్టి సావడ చేపలు ఆరేస్తాం. వచ్చిన మూడో రోజే గోడ దగ్గర నిలబడి మొదలెట్టారు.

"ఏమయ్యా, ప్రార్థన చేసుకుందామంటే దేవుడి కంటే ముందు నీ చేపలొస్తున్నాయి నా గదిలోకి."

"గాలి నా చేతిలో ఉందా మేష్టారూ? వెళ్లి సముద్రాన్ని అడగండి."

"సముద్రానికి బుద్ధుంది. చేపల్ని నీళ్లలో దాచుకుంది. బయటికి తీసింది నువ్వు."

ఇదీ ఆయన నోరు. అలాంటి మనిషి దగ్గరికి మా అమ్మాయే వెళ్లి చదువు చెప్పమంది. అప్పటికి టీచరు పోస్టు ఇంటర్వ్యూకి ఒకసారి వెళ్లి వచ్చింది. రాతలో బాగా చేసింది గానీ, ఎదురుగా నలుగురు కూర్చుని ఇంగ్లీషులో అడిగేసరికి నోరు పెగల్లేదు. మేష్టారు దాని నోటుబుక్కు తీసి పక్కన పడేశారట. "రాయకు, అను" అన్నారట. చివరిదాకా ఆయన చెప్పిన పాఠం అదే.

ఆయన పద్ధతి వేరు. అట్టముక్కల మీద ఇంగ్లీషు మాటల గుంపులు రాసి, బట్టలారేసే తాడుకి క్లిప్పులతో తగిలించేవారు. చేతిలో ఇంకో కట్ట. దాంట్లో మస్ట్, కాంట్, మైట్, షుడ్ లాంటి చిన్న మాటలు. చేతిలో ముక్క ఎత్తి తాడు మీద ముక్క చూపిస్తే, రెండూ కలిపి అప్పటికప్పుడు వాక్యం అనాలి. అన్నం తింటూ అమ్మాయి నాకు చెప్పింది.

"పుట్ అంటే పెట్టడం నాన్నా. అప్ అంటే పైకి. విత్ అంటే తోటి. మూడూ కలిస్తే ఓర్చుకోవడం."

"పైన పెట్టడానికీ ఓర్చుకోవడానికీ సంబంధం ఏంటే?"

"మనం మాత్రం చేతులెత్తేశాడు అనమా? నిజంగా చేతులెత్తుతాడా ఏంటి? ఇదీ అంతే. ఆ గుంపుని విడదీయకూడదు. ముందు మస్ట్ పెడితే ఓర్చుకుని తీరాలి. కాంట్ పెడితే ఓర్చుకోలేను. మైట్ పెడితే ఓర్చుకుంటానేమో. షుడ్ హావ్ పెడితే ఓర్చుకోవలసింది, కానీ ఓర్చుకోలేదు."

నాకు బాగానే అర్థమైంది. వల ఒకటే. లాగే పడవని బట్టి ఎటు పోవాలో అటు పోతుంది.

ఇది ముందే తెలిసి ఉంటే గొడవే లేకపోయేది. అంతకు ముందు ఏం జరిగిందంటే, ఒక సాయంత్రం గాలికి, మేష్టారు నమూనాకి పూర్తి వాక్యాలు రాసిన మూడు అట్టముక్కలు ఎగిరొచ్చి మా చేపల మీద పడ్డాయి. నాకు ఇంగ్లీషు రాదు. ఐస్ ఫ్యాక్టరీ గుమాస్తాకి చూపించాను. అతను కళ్లజోడు సవరించుకుని చదివాడు. "యూ మస్ట్ క్లియర్ అవుట్. అంటే నువ్వు ఖాళీ చేసి పోవాలి. వియ్ కాంట్ పుట్ అప్ విత్ దిస్. మేం దీన్ని భరించలేం. యూ హాడ్ బెటర్ లుక్ అవుట్. జాగ్రత్తగా ఉంటే మంచిది. ఎవరితో పెట్టుకున్నావు బావా?"

నా తల తిరిగిపోయింది. మేష్టారు నా చేపల మీద మునిసిపాలిటీకి అర్జీ పెట్టే ముందు నాకు బెదిరింపులు పంపుతున్నాడనుకున్నాను. నేరుగా ఆయన వాకిట్లోకి వెళ్లి ముక్కలు మొహాన విసిరినంత పని చేశాను. "దమ్ముంటే తెలుగులో చెప్పండి మేష్టారూ, మొహం మీద చెప్పండి!"

ఇవి నీ కూతురి పాఠాలయ్యా అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మనిషి అనలేదు! కుర్చీలోంచి లేవకుండా, "మొహం మీద చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నా. నీ చేపలు కంపు, నీ కోపం అంతకంటే కంపు" అన్నారు. వీధి వీధంతా నవ్వింది. ఇంటికొచ్చాక అమ్మాయి అసలు సంగతి చెప్పింది, పైన రాసిన పాఠమంతా అప్పుడే. నాకు అర్థమైంది గానీ అహం అడ్డొచ్చింది. రేపటి నుంచి ఆ గడప తొక్కొద్దన్నాను.

తొక్కలేదు. మా మేడ మీద చేపలు తిరగేయడం అమ్మాయి పని, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ఆ వేళకి ఆయన వాళ్ల మేడ మీదకి వచ్చి, గోడ అవతల నిలబడి ఆకాశానికి చెబుతున్నట్టు అరిచేవారు. ఇది చేపలు తిరగేస్తూ ఇవతలి నుంచి జవాబు అరిచేది. ఒకసారి ఫాదర్ అన్న మాట వినపడి, కింద ఉన్న మా ఆవిణ్ణి అడిగాను. పైకెళ్లి అమ్మాయిని కనుక్కుని వచ్చింది. "నీ గురించే" అంది నవ్వుతూ. మా నాన్న మిమ్మల్ని ఓర్చుకుంటాడేమో సార్ అందట ఇది. మైట్ తీసేసి కాంట్ పెట్టు, అదీ నిజం, అన్నారట ఆయన.

నాకు వినపడనట్టే ఉన్నాను. కానీ మర్నాడు తాళ్లు విప్పి, గోడకి దగ్గరగా కట్టాను. అక్కడ ఎండ బాగా పడుతుందని ఇంట్లో చెప్పాను. నా చేపల వాసన నేరుగా ఆయన ముక్కుకి తగిలేలా కట్టానని వీధిలో చెప్పాను. వాసన అంత దగ్గరికొచ్చినా ఆయన ఒక్క రోజు మానలేదు. అర్జీ అసలే పెట్టలేదు.

ఈ ఏడు అమ్మాయికి ఆఖరి అవకాశం. తప్పితే వయసు దాటిపోతుంది. సరిగ్గా అప్పుడే ఆయనకి ఆయాసం వచ్చి మేడ ఎక్కడం మానేశారు. పాఠం ఆగిపోయింది. మంచం మా పెరటి వైపు కిటికీ దగ్గర వేసుకున్నారని తెలిసింది. నేను తాళ్లు మేడ మీద నుంచి దింపి, పెరట్లో ఆ కిటికీ ఎదురుగా కట్టాను. కడుతుంటే లోపలి నుంచి గొంతు వచ్చింది. ఆరేళ్ల తర్వాత.

"ఏమయ్యా, మేడకేమొచ్చింది?"

"కాకులు ఎక్కువయ్యాయండీ."

"కాకులు కిందకి రావా?"

"మీరున్నారుగా, తోలడానికి."

కాసేపు దగ్గు. "పిల్లని పంపు" అన్నారు. మా ఇద్దరి మధ్య మంచి మాటలు అన్నీ కలిపి అవే. ఆ రోజు నుంచి ఇంటర్వ్యూకి వెళ్లే ముందు రోజు దాకా పాఠం కిటికీలోంచి నడిచింది. ఆయనకి ఊపిరి చాలనప్పుడు అట్టముక్క మాత్రం ఎత్తి చూపేవారు. ఇది అనేది.

ఆ నలుగురి ముందు ఈసారి నోరు తెరుచుకుంది. ఫలితం వినకుండా ఆయన వెళ్లిపోయారు. బతికినన్నాళ్లూ నన్ను గెలవనివ్వని మనిషి, చివరికి కృతజ్ఞత కూడా చెప్పనివ్వలేదు. ఆ కోపం నాకు పోదు.

ఇక ఎవరెవరికి చెప్పాలో రాసుకున్నాను.

పామర్రులో మా చిన్న బావమరిది. "చేపలు తిరగేసే పిల్లకి ఇంగ్లీషెందుకు బావా" అన్నాడు. అందరికంటే ముందు వాడికి, స్పీకరు పెట్టి.

నాగాయలంకలో మా అక్క. చెవులు సరిగా వినపడవు. రెండుసార్లు చెప్పాలి, రెండుసార్లు చెప్పుకోవాలనే ఉంది.

చిలకలపూడిలో మా మేనకోడలు. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు అమ్మాయి మెడలో తన గొలుసు తీసి పెట్టింది.

ఘంటసాలలో మా పెదనాన్న కొడుకు. పెళ్లి చేసెయ్యరా అని పోరినవాడు. వాడికి ఊరికే చెప్పడం కాదు, స్వీటు తీసుకెళ్లి నోట్లో కుక్కాలి.

గుడివాడలో మేష్టారి చెల్లెలుగారు. మాకు చుట్టం కాదు, అయినా ఫోనులో చెప్పే మాట కాదు. బస్సెక్కి నేనే వెళ్తాను.

ఇంకొకరికి నిన్న పొద్దున చెప్పేశాను. కిటికీ రెక్కలు మూసే ఉన్నాయి. ఎదురుగా తాడుకి చేపలు ఆరేసి, ఆయనకి వినపడేంత గట్టిగా.