వీడియో గేముకు పెట్టిన బొట్టు

1998ల పటాన్‌చెరు రోడ్డు మీద ఒక టీవీల దుకాన్ల పనికి కుదిరిన. అంతకుముందు మందు గోలీల కంపెనీల ప్యాకింగ్ చేసేదాన్ని. పొద్దంత మూతికి గుడ్డ కట్టుకొని నిలబడాలె, మాట్లాడొద్దు. నాకేమో మాట్లాడకుంటే తిన్నది అరగది.

ఆ ఎండకాలం మా సేటు మొదటిసారి వీడియో గేములు తెచ్చిండు. టీవీకి తగిలిచ్చి ఆడుకునే డబ్బా. దాంట్ల ఆట ఉన్న కాసెట్ పెట్టాలె. కాసెట్ కింద నోట్ల పండ్ల వరుస లెక్క పిన్నులుంటయి, అవి లోపల తాకితేనే బొమ్మ. గిరాకీకి ఆడి సూపెట్టుడు నా పని.

"ఒక్కటి వాపస్ వచ్చినా నువ్వు మళ్ల గోలీలకే," అన్నడు సేటు.

మొదటి డబ్బా గుమ్మడిదల యాదగిరి కాక కొన్నడు. ఇంటికాడ ఎవుసం, కంపెనీల బాయిలర్ కాడ డ్యూటీ. తెల్లారి పగటీలి, సేటు అన్నానికి పోయినంక, డబ్బా సంకల పెట్టుకొని వచ్చిండు.

"ఏందే బిడ్డా, టీవీల చీమలు పారుతున్నయి తప్ప ఆట లేదు."

వైర్లు సూసిన, ఛానల్ తిప్పిన. చీమలే.

కంపెనీల షిఫ్టు దిగి రోజూ ఆట సూడనీకి వచ్చే ఇద్దరు, బీహార్ భయ్యా, మద్రాస్ అన్న, పక్కనే ఉన్నరు.

"మా దిక్కు గిది మేళాల వచ్చింది," అన్నడు బీహార్ భయ్యా, ఆయన హిందీల. "ఊరంత లైను కట్టినం. నా వంతుకు కరెంటు పోయింది. రెండు దినాలు ఆడనే పండుకున్న. కాసెట్‌ను ఊదాలె, అప్పుడే వస్తది."

మద్రాస్ అన్న నవ్విండు. "మీ మేళాకు వచ్చేటాల్లకు మాకు పాతదయింది. మా మామ సింగపూర్ నుంచి తెచ్చిండు. మా అత్త రేడియో అనుకొని వార్తల కోసం గంట కూసుంది. ఊదుడు కాదు, డబ్బా నెత్తిన ఒకటియ్యాలె."

"మీ దిక్కు దెబ్బలకు ఇంటదేమో," అని భయ్యా కాసెట్ తీసి గట్టిగ ఊదిండు. ఎర్రటి దుమ్ము లేచి ఆయన మీసాల మీద పడ్డది.

"హోలీ వచ్చిందా?" అన్నడు మద్రాస్ అన్న.

నేను కాసెట్ తిప్పి సూసిన. "కాకా, బొట్టేడ పెట్టినవ్?"

"నోటికాడ. మా కంపెనీల కొత్త మిషిన్‌కు పూజ చెయ్యంది స్విచ్ ఎయ్యరు. గీనికి మొఖమేడుందా అని ఎతికిన. పండ్లు కనవడ్డయి."

"పసుపు గూడనా?"

"పసుపు లేని బొట్టేంది? రాలకుంట పసుపు నూనెల కలిపి పెట్టి, మీద కుంకుమ అద్దిన."

"కొబ్బరికాయ?"

"దూరం కొట్టిన. గంత తెల్వదా?"

టేప్‌రికార్డర్ హెడ్డు తుడిచే స్పిరిట్, పుల్లకు చుట్టిన దూది తీసుకొని ఒక్కొక్క పిన్ను తుడిచిన. బయట సేటు స్కూటర్ ఆగింది. కాసెట్ పెట్టి స్విచ్ ఏసిన. ఆట మొదలైంది.

"ఏంది, వాపసా?" అన్నడు సేటు లోపలికొచ్చి.

కాక నా దిక్కు ఒకసారి సూసిండు. "కాదు సేటు. బిడ్డతోని ఒక ఆట ఆడిపోదామని వచ్చిన."

ఆడిండు గూడ. మొదటి గుంతలనే పడ్డడు.

ఆ దినం నుంచి ఏ డబ్బా అమ్మినా మూత మీద నేనే బొట్టు పెట్టి, "పూజ అయింది, ఇంటికాడ మళ్ల చెయ్యొద్దు," అని ఇచ్చిన. ఇగ మిషిన్ చెడిందని ఎవరొచ్చినా ఏమైందని అడగ. ఇంటికి తీస్కపోయి దానికి ఏం మర్యాద చేసిండ్రని అడుగుత.